దయయు ప్రమాణమును

దయగల మనుష్యుడు బాధను చూచి ఊరకుండలేడు. ఊరకుండలేకపోవుటయే దయకు లక్షణమని లోకము తలచుచున్నది. కన్నీరు కార్చువానికంటె మంచినీరు తెచ్చి యిచ్చువాడు మేలనియు, ఓదార్చువానికంటె మందిచ్చువాడు మేలనియు జనులు చెప్పుకొందురు. ఈ భావములో సత్యము లేకపోలేదు. కాని దీని వెనుక పరీక్షింపబడని ప్రతిజ్ఞ యొకటి దాగియున్నది. ఏదో ఒకటి చేయుట, ఏమియు చేయకుండుటకంటె ఎల్లప్పుడును శ్రేష్ఠమన్నదే ఆ ప్రతిజ్ఞ. రోగము కలదు, నిశ్చయమైన మందు లేదు, నిశ్చయము కాని మందొకటి చేతికందు దూరమున నున్నది. అప్పుడు వైద్యుని చేత చేయి చాపించునది దయయా, లేక తన నిస్సహాయతను తాను చూడజాలని అధైర్యమా? ఈ ప్రశ్న ప్రతి చికిత్సయందును కలదు. గర్భిణి విషయమున అది రెట్టింపగును. ఏలయన అచ్చట మందు మ్రింగునది ఒకరు. దాని ఫలము ననుభవించువారు ఇద్దరు.

ప్రాచీన భారతీయ వైద్యులు ఈ ద్విత్వమును బాగుగ గుర్తించిరి. నాలుగవ మాసమున శిశువు హృదయము వ్యక్తమగుననియు, అప్పటినుండి స్త్రీ రెండు హృదయములు గలదియై 'దౌహృదిని' యనబడుననియు సుశ్రుతసంహిత చెప్పుచున్నది. నిండుగ నూనె పోసిన పాత్రను తొణకకుండ మోయునట్లు గర్భిణిని కాపాడవలెనని చరకసంహిత ఉపదేశించినది. గర్భము కడుపులోనే ఎదుగక శుష్కించు స్థితులు ఆనాటి వైద్యులకు తెలియనివి కావు. వానిని ఉపవిష్టకమనియు, నాగోదరమనియు పేర్కొని, పుష్టినిచ్చు ఓషధులతో కాచిన నేతిని, పాలను వారు విధించిరి. ఎండినదానికి తడి పెట్టవలెనన్నది వారి తర్కము. ఆ సంహితయే మఱియొక మాట కూడ చెప్పినది. చికిత్సకు పూనుకొనుటకు ముందే సాధ్యాసాధ్యములను వివేచింపవలెనట. అసాధ్యమును చేపట్టిన వైద్యుడు ధనమును, విద్యను, యశస్సును పోగొట్టుకొనునట. ఈ హెచ్చరిక వైద్యుని నష్టమును మాత్రమే లెక్కించినది. రోగి నష్టమును కూడ లెక్కించినప్పుడే అది నీతి యగును.

నాగోదరమని పూర్వులు పేర్కొన్న దానికి సన్నిహితమైన స్థితిని నేటి శాస్త్రము మఱియొక విధముగ చూచుచున్నది. నేటి శాస్త్రదృష్టిలో ముఖ్యమైన లోపము తరచుగ ఆహారములో లేదు. ఆహారము పోవు మార్గములో నున్నది. తల్లి రక్తమునకును శిశువు రక్తమునకును నడుమ మాయ కలదు. రెండు రక్తములును ఒకదానిలో నొకటి కలియవు. పలుచని పొరకు ఈవలావల ప్రవహించుచు ఇచ్చిపుచ్చుకొనును. నెలలు నిండిన గర్భిణిలో నిమిషమునకు అర లీటరునకు మించిన రక్తము గర్భాశయమునకు పోవును. ఇంత ప్రవాహమునకు త్రోవ యెట్లు కలుగును? గర్భాశయపు గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులు కలవు. గర్భారంభ మాసములలో మాయకు చెందిన కణములు వానిలోనికి చొచ్చి, వాని గోడలలోని కండరమును తొలగించి, ఇఱుకైన గొట్టములను వెడల్పైన కాలువలుగ మార్చును. కొందరిలో ఈ మార్పు సగములో నిలిచిపోవును. తల్లికి రక్తపుపోటు పెరుగుట, కొన్నిమార్లు ప్రాణాంతకమైన మూర్ఛలు వచ్చుట, శిశువు ఎదుగుదల కుంటువడుట – ఈ ఉపద్రవములకు ఆ ఇఱుకుతనమొక ప్రధాన కారణము.

ఎదుగుదల లోపము ఆఱవ నెల నాటికే తీవ్రముగ బయటపడినచో వైద్యుని ముందున్న త్రోవలు రెండే. శిశువును లోపలనే యుంచినచో ఆకలి చంపవచ్చును. వెలుపలికి తీసినచో అపక్వత చంపవచ్చును. డాప్లర్ యంత్రముతో బొడ్డుతాడులోని రక్తప్రవాహమును వైద్యుడు చూడగలడు. గుండె రెండు దెబ్బల నడుమ ఆ ప్రవాహము సన్నగిల్లుటయు, ఆగుటయు, తుదకు వెనుకకు మరలుటయు అతని కన్నులయెదుటనే కనబడును. చూడగలడు గాని సరిచేయలేడు. ఒక్కొక్క వారము గడచినకొలది శిశువు బ్రతుకు అవకాశము పెరుగును. ఆ వారమే తుది వారము కూడ కావచ్చును. ఈ స్థితిలో తల్లి అడుగు ప్రశ్న ఒక్కటియే: ఏదైన మందు లేదా?

రక్తనాళములను సడలించు మందులు ప్రసూతి వైద్యమునకు క్రొత్తవి కావు. తల్లి రక్తపుపోటును దించుటకు హైడ్రలజీన్, నిఫెడిపిన్ వంటివి చాలకాలముగ వాడుకలో నున్నవి. కాని అవి తల్లిని కాపాడుటకు ఇచ్చునవి. శిశువు ఆకలిని తీర్చుటకు కాదు. ఆ రెండవ ఆశ నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువుతో చిగురించెను. రక్తనాళముల లోపలి పొర ఈ వాయువును పుట్టించి నాళములను సడలించునని కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురికి 1998లో నోబెల్ బహుమానము లభించెను. ఆ వాయువు పనిని పొడిగించు సిల్డెనాఫిల్ అను మందు ఆ సంవత్సరమే అమెరికాలో అనుమతి పొందెను. దాని చరిత్ర విచిత్రమైనది. ఇంగ్లండులోని కెంట్ మండలమున దానిని గుండెనొప్పికై పరీక్షింపసాగిరి. పురుషుల అశక్తతకు మందుగ అది లోకప్రసిద్ధి నందెను. 2005లో ఊపిరితిత్తుల ధమనులలోని అధిక పీడనమునకు చికిత్సగ అంగీకరింపబడెను. ఊపిరితిత్తుల నాళములను విప్పగల మందు గర్భాశయ నాళములను విప్పలేదా యను ఆలోచన కలుగుట సహజము. 2011లో కెనడా వైద్యులు, ఎదుగుదల తీవ్రముగ తగ్గిన గర్భములు గల తల్లులలో 10 మందికి ఈ మందునిచ్చి, మందు లేని 17 మందితో పోల్చి, శిశువుల ఉదరపు చుట్టుకొలత మెఱుగుగ పెరిగినట్లు ప్రకటించిరి. సంఖ్య చిన్నది, ఆశ పెద్దది.

ఇచ్చట భారతీయ తర్కశాస్త్రము చేసిన హెచ్చరిక యొకటి స్మరింపదగినది. పొగ యున్నచోట నిప్పుండుననుట నిర్దుష్టమైన వ్యాప్తి. నిప్పున్నచోట పొగ యుండుననుట దోషయుక్తము. ఏలయన ఎఱ్ఱగ కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు గాని పొగ లేదు. పొగ పుట్టుటకు తడికట్టె కూడ కావలెను. ఇట్లు కనబడక దాగియుండి అనుమానమును చెఱచు నియమమునకు నైయాయికులు 'ఉపాధి' యని పేరిడిరి. నాళము సడలినచో రక్తము పెరుగును, రక్తము పెరిగినచో శిశువు పెరుగును – ఈ అనుమానము వినుటకు ఎంత సుందరముగ నున్నదో, అన్ని ఉపాధులను దాచుకొనియున్నది. రక్తము తగ్గుటకు కారణము నాళము బిగిసియుండుటయా, లేక దాని నిర్మాణమే అసంపూర్ణముగ నిలిచిపోవుటయా? మొదటిదైనచో మందు సడలింపవచ్చును. రెండవదైనచో సడలించుటకు ఏమున్నది? దేహములోని ఇతర నాళములు కూడ ఒక్కమారే సడలినచో రక్తము సులువైన త్రోవల బట్టి పోదా? మాయను దాటి శిశువును చేరిన మందు ఆ లేత నాళములయందు ఏమి చేయును? 2009లోనే గొఱ్ఱెలపై జరిగిన ఒక పరిశోధనలో, ఎదుగుదల తగ్గిన గర్భములు గల గొఱ్ఱెలకు ఈ మందు ఇచ్చినప్పుడు గర్భాశయమునకు పోవు రక్తము పెరుగుటకు మాఱుగ తగ్గినట్లు కనబడెను. ఇతర జంతు పరిశోధనలు కొన్ని ఆశాజనకములుగ నుండెను. అనుమానము ఇట్లు రెండు వైపులకు ఊగుచున్నప్పుడు ప్రత్యక్ష ప్రమాణము తప్ప వేఱు శరణ్యము లేదు.

ఆ ప్రమాణమునకై బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, కెనడా మొదలగు దేశముల వైద్యులు 'స్ట్రైడర్' అను పేర పరీక్షలు తలపెట్టిరి. సమ్మతించిన తల్లులను చీటీలు వేసినట్లు రెండు వర్గములుగ విభజించుట, ఒక వర్గమునకు మందును, రెండవ వర్గమునకు మందు వలె కనబడు ఉత్త మాత్రను ఇచ్చుట, ఎవరికేది వచ్చినదో తల్లికిగాని వైద్యునికిగాని తెలియకుండుట – ఇది పద్ధతి. ఉత్త మాత్రయను మాట వినగనే దయాహృదయము కలత చెందును. ఆపదలో నున్నవారికి వట్టి పిండిబిళ్ల యిచ్చుట వంచన కాదా? మందు మేలు చేయునని నిజముగ తెలిసియున్నచో వంచనయే. తెలియనిచో, మందు పొందినవారే అదృష్టవంతులని ముందుగ నిర్ణయించుటకు మనకు అధికారము లేదు. సంశయము రెండువైపుల సమానముగ నున్నప్పుడే ఇట్టి పరీక్ష ధర్మ్యమగును. సంశయమును దాచి నిశ్చయమును నటించుట వంచన గాని, సంశయమును విప్పి చెప్పి తోడు రమ్మనుట వంచన కాదు.

బ్రిటన్ పరీక్షలో 135 మంది తల్లులు పాల్గొనిరి. 2018లో ఫలితము వెలువడెను. వర్గములుగ విభజించిన నాటినుండి ప్రసవమువఱకు గడచిన కాలము మందు పొందినవారిలో మధ్యమముగ 17 దినములు, ఉత్త మాత్ర పొందినవారిలో 18 దినములు. అనగా మందు ఒక్క దినమైనను సంపాదించి పెట్టలేదు. న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలలో 122 మందితో జరిగిన పరీక్షలోను శిశువుల ఎదుగుదల వేగము మాఱలేదు. అంతవఱకు కీడు కూడ కనబడలేదు. నెదర్లాండ్స్‌లో 2015 జనవరిలో మొదలైన పరీక్ష మాత్రము 2018 జూలైలో ఆకస్మికముగ నిలిపివేయబడెను. నడుమ లెక్కలు చూచిన పర్యవేక్షకులకు దారుణమైన భేదము కనబడెను. మందు పొందిన 93 మంది తల్లుల శిశువులలో 17 మందికి ఊపిరితిత్తుల రక్తనాళముల వ్యాధి సోకినది. వారిలో 11 మంది మరణించిరి. ఉత్త మాత్ర పొందిన 90 మంది తల్లుల శిశువులలో ముగ్గురికి అట్టి వ్యాధి వచ్చినది. ఆ వ్యాధివలన ఎవరును మరణింపలేదు. మందు మ్రింగి ఇంకను ప్రసవింపని తల్లులు కొందరు ఆ వార్త విన్నప్పుడు వారి స్థితి యెట్టిదో ఊహించుట కష్టము కాదు, భరించుట కష్టము.

తరువాత 2020లో 216 మంది తల్లుల పూర్తి లెక్కలు ప్రకటింపబడెను. మరణమును, తీవ్రమైన అనారోగ్యమును కలిపి లెక్కించినప్పుడు రెండు వర్గములకు నడుమ నిశ్చయముగ చెప్పదగిన భేదము లేకపోయెను. ఊపిరితిత్తుల నాళములలోని అధిక పీడనము మాత్రము మందు వర్గమున 16 మంది శిశువులకు, రెండవ వర్గమున నలుగురికి కనబడెను. ఈ విషయమున ఒక విపరీతము కలదు. శిశువునకు పుట్టినపిదప ఇట్టి వ్యాధియే వచ్చినచో దానికి ఇచ్చు మందులలో సిల్డెనాఫిల్ ఒకటి. గర్భమునందు అలవాటైన మందు పుట్టగానే ఒక్కమారుగ తెగిపోవుటచే నాళములు ముడుచుకొనియుండవచ్చునని కొందరు ఊహించిరి. కారణమేదైనను, ఒకే ద్రవ్యము ఒక కాలమున ఔషధమై, మఱియొక కాలమున అపకారియై నిలిచినది. ద్రవ్యము స్వయముగ మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. దేశకాలపాత్రముల సంబంధముననే అది ఔషధమగునని పూర్వులన్నమాట అలంకారము కాదని ఇందువలన తేలుచున్నది.

ఈ వార్తకు లోకమునందు రెండు విధములైన ప్రతిధ్వనులు పుట్టుట సహజము. గర్భిణులపై ప్రయోగములు చేయుట అమానుషమనునది మొదటిది. ఈ ఆక్షేపణ చేయువారి హృదయము మంచిది. దృష్టి కొంచెము హ్రస్వము. ఆ పరీక్షలు ముగియకముందే అనేక దేశములలో వైద్యులు తమ విశ్వాసముమీద, తల్లుల ప్రార్థనమీద ఈ మందును ఇచ్చుచుండిరి. పరీక్షయే లేకున్నచో ఆ వాడుక ఇంకను వ్యాపించియుండెడిది. అప్పుడు ఊపిరి అందక మరణించిన శిశువును చూచి జనులు ఏమందురు? నెలలు నిండకపుట్టినది, ఎదుగనిది, బ్రతుకలేదనియే యందురు. బ్రతికిన ప్రతి శిశువు మందుయొక్క మహిమకు సాక్షి యగును. చనిపోయిన ప్రతి శిశువు రోగముయొక్క క్రౌర్యమునకు సాక్షి యగును. ఇట్లు కీర్తియంతయు మందునకును, అపకీర్తియంతయు వ్యాధికిని పంచినచో ఏ మందు ఓడిపోవును? ప్రక్కన పోల్చి చూచుటకు రెండవ వర్గమున్నది కావుననే ఆ శిశువుల మరణము మాటాడినది. ప్రయోగము చేయుట, చేయకుండుట అను రెండు పక్షములు నిజముగ లేవు. లెక్క వ్రాసి చేయు ప్రయోగము, లెక్క వ్రాయక చేయు ప్రయోగము – ఉన్నవి ఇవి రెండే.

లెక్క వ్రాయని దయ ఏమి చేయగలదో చరిత్రలో కలదు. గర్భిణుల వికారమునకు, నిద్రలేమికి హానిలేని మందుగ 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడొమైడ్ 1961 నవంబరులో ఉపసంహరింపబడునప్పటికి, చేతులును కాళ్లును సరిగ ఏర్పడని శిశువులు పలుదేశములలో పుట్టిరి. వారి సంఖ్య పదివేలకు మించినది. గర్భస్రావమును ఆపుటకని ఇచ్చిన స్టిల్‌బెస్ట్రాల్ కథ అంతకంటె బోధకరము. దానివలన ప్రయోజనము లేదని 1953లోనే షికాగోలో జరిగిన పరీక్ష తేల్చెను. అయినను వైద్యులు దానిని మానలేదు. ఏమియు ఇవ్వకుండుట కంటె ఏదో ఒకటి ఇచ్చుట మేలనిపించెను. ఆ తల్లులకు పుట్టిన కుమార్తెలలో కొందరికి యౌవనమున అరుదైన కాన్సర్ వచ్చుచున్నదని 1971లో బయటపడునంతవఱకు ఆ దయ సాగెను. ప్రమాణము లేకపోవుట ఒక దోషము. ప్రమాణము చెప్పినదానిని వినకపోవుట అంతకు మించిన దోషము.

రెండవ ప్రతిధ్వని మొదటిదానికి విరుద్ధముగ కనబడినను ఫలమున దానికి చుట్టమే. గర్భిణికి ఏ క్రొత్తమందును పరీక్షింపవలదు, ఆమెను అన్ని పరీక్షలనుండి దూరముగ నుంచుడనునది అది. థాలిడొమైడ్ తరువాత లోకము చాలవఱకు ఈ త్రోవనే పోయెను. ఇది రక్షణవలె కనబడును. కాని తలుపు మూసి లోపల చీకటిలో విడిచిపెట్టుట రక్షణ కాదు. గర్భిణులకు కూడ జబ్బులు వచ్చును, మందులు కావలెను. పరీక్షలేనిచో ప్రతి గర్భిణియు ఏకాకియైన పరీక్ష యగును. 1972లో న్యూజీలాండు వైద్యులు లిగ్గిన్స్, హౌవీ అనువారు, నెలలు నిండకముందే ప్రసవింపనున్న 282 మంది తల్లులతో చేసిన పరీక్షలో, ప్రసవమునకు ముందు ఇచ్చిన స్టెరాయిడ్ మందు శిశువుల శ్వాసకష్టమును సుమారు 26 శాతమునుండి 9 శాతమునకు దించెను. ఆ సత్యము లోకమంతట ఆచరణలోనికి వచ్చుటకు రెండు దశాబ్దులు పట్టెను. ఆ నడుమ కోల్పోయిన శిశువులకు శిలాఫలకములు లేవు. చేసినదానివలన కలిగిన కీడు కంటబడును. చేయనిదానివలన కలిగిన కీడు కంటబడదు. కంటబడనంతమాత్రమున అది లేదని యెంచుట న్యాయము కాదు.

భారతదేశమునకు ఈ చర్చ దూరపుదేశముల కథ కాదు. గర్భిణుల మూర్ఛలను నివారించు మెగ్నీషియం సల్ఫేట్, రక్తనాళములను కొంచెము సడలించు స్వభావముగల చౌక లవణము. దానిని 33 దేశములలో పదివేలకు మించిన స్త్రీలయందు పరీక్షించిన 'మాగ్‌పై' పరిశోధన, మూర్ఛల ప్రమాదము సగమునకు పైగ తగ్గునని 2002లో నిరూపించెను. ఆ స్త్రీలలో భారతీయ మాతలును కలరు. 2019లో నాగపూరులోని రెండు ప్రభుత్వ వైద్యశాలలలో తీవ్రమైన రక్తపుపోటుతో వచ్చిన 894 మంది గర్భిణులకు నోటి ద్వారా ఇచ్చు మూడు మందులను పోల్చిన ఫలితములు వెలువడెను. ఆఱుగంటలలోపల, ఉపద్రవము లేక పోటు అదుపులోనికి వచ్చినవారు నిఫెడిపిన్‌తో 84 శాతము, లాబెటలాల్‌తో 77 శాతము, మెథిల్‌డోపాతో 76 శాతము. సూదిమందు ఇచ్చి కనిపెట్టుకొనియుండుటకు తగిన మనుష్యులు లేని చిన్న ఆసుపత్రికి ఈ లెక్క ఎంత ఊరటయో చెప్పనక్కఱలేదు. ఇచ్చట నాళములను సడలించు మందులే ప్రాణములను నిలుపు సాధనములైనవి. కావున సిల్డెనాఫిల్ వైఫల్యమునుండి నాళములను సడలించు మందులన్నియు చెడ్డవను పాఠము తీయరాదు. తల్లి పోటును దించుట ఒక ప్రయోజనము. శిశువునకు అన్నపుత్రోవ తెఱచుట మఱియొక ప్రయోజనము. ఒకదానిలో నెగ్గిన తర్కము రెండవదానిలో నెగ్గవలెనన్న నియమము లేదు.

ఒక దేశమున సిద్ధించిన ప్రమాణము మఱియొక దేశమునకు నేరుగ చెల్లునా యన్నది కూడ విచార్యము. ఆ స్టెరాయిడ్ మందునే, తగిన సౌకర్యములు లేని పల్లెప్రాంతములలో విస్తారముగ ఇచ్చిన ఒక గొప్ప పరీక్ష – భారత, పాకిస్తానములును అందు చేరినవి – 2015లో ఊహింపని ఫలమును చూపెను. మొత్తముమీద శిశుమరణములు తగ్గుటకు మాఱుగ కొంచెము పెరిగెను. పిదప భారత, పాకిస్తాన, బంగ్లాదేశ, కెన్యా, నైజీరియాలలోని 29 ఆసుపత్రులలో, గర్భవయస్సును సరిగ నిర్ణయించి, శిశుసంరక్షణ కలుగు చోట్ల ఇచ్చినప్పుడు అదే మందు శిశువులను కాపాడెనని 2020లో తేలెను. ఔషధముతోపాటు ఆసుపత్రి, దాది, వెచ్చదనము, కాలనిర్ణయము – ఇవన్నియు మందులో భాగములే. వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి అను నాలుగు పాదములు కూడినప్పుడే చికిత్స నిలుచునని చరకుడు చెప్పినదియు ఇదియే. సంపన్నదేశముల మందును తెచ్చి, సంపన్నదేశముల పరిచర్యను తేకపోవుట మూడుకాళ్లు విఱిచిన మంచమును బహుమానముగ ఇచ్చుట.

ఇంక మిగిలినది సమ్మతిని గుఱించిన ప్రశ్న. అదియే అన్నిటికంటె సున్నితము. నీట మునుగుచున్నవానికి గడ్డిపోచ చూపి, దీనిని పట్టుకొందువా యని అడిగినచో వాడు వలదనునా? బిడ్డను కోల్పోవ భయపడుచున్న తల్లి సమ్మతి స్వేచ్ఛాసమ్మతి యగునా? అడుగుట యందే బలవంతము కలదని కొందరు వాదింతురు. కాని దుఃఖములో నున్నంతమాత్రమున మనుష్యునికి బుద్ధి పోదు. తల్లికి నిర్ణయశక్తి లేదని చెప్పి ఆమె తరఫున ఇతరులు నిర్ణయించుట దయ రూపము ధరించిన తిరస్కారము. రెండవ హృదయము మాటాడలేదు. దాని తరఫున మాటాడుటకు తల్లికంటె యోగ్యులు లేరు. అయితే ఆమె యోగ్యత అడుగువాని బాధ్యతను తగ్గింపదు, పెంచును. పావురమును కాచుటకు శిబి తన మాంసమునే కోసి త్రాసులో పెట్టెను. కావుననే అతని త్యాగము నిష్కళంకము. వైద్యుడు త్రాసులో పెట్టునది పరుల మాంసము. అందుచే అతడు ఆశను పెంచి చెప్పరాదు. గొఱ్ఱెల గర్భములలో కనబడిన కీడును దాచరాదు. మందు మేలు చేయకపోవచ్చును, కీడును చేయవచ్చునని తల్లి భాషలో, తల్లికి అర్థమగు మాటలలో చెప్పవలెను. కాగితముమీద వ్రేలిముద్ర పడుట సమ్మతి కాదు; ప్రశ్న అడుగుటకు ఆమెకు ధైర్యము కలుగుట సమ్మతి.

ఆ పరీక్షలో మందు మ్రింగి బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, జీవితాంతము తన చేతినే నిందించుకొనవచ్చును. ఆమెకు లోకము చెప్పదగిన మాట యొకటి కలదు. ఆమె ఎఱిగి చేసిన కీడు లేదు. ఎఱుగవలసినది అప్పటికి ఎవరికిని తెలియదు. ఫలమునుబట్టి వెనుకకు మరలి కర్తను దోషినిగ నిలుపుట ధర్మవిచారము కాదు. అయినను ఆ మరణములు ఇతర శిశువుల మేలునకు ఉపయోగపడినవని చెప్పి ఆమెను ఓదార్చుటయు తగదు. ఉపయోగము సత్యమే, కాని ఆమె బిడ్డ ఇతరుల ఉపయోగమునకై పుట్టలేదు. ఆ సత్యమును లోకము కృతజ్ఞతగ తాను మోయవలెను. ఓదార్పుగ ఆమె నెత్తిన పెట్టరాదు. అట్టి కృతజ్ఞతకు రూపము మాటలు కాదు. కీడని తేలినదానిని ఆ దినమే మానుట, ఫలము ప్రతికూలమైనను దాచక ప్రకటించుట, ఎవరికేది ఇచ్చినదో అడిగిన ప్రతి తల్లికిని చెప్పుట – ఇవియే దాని రూపములు.

కర్మయందు అకర్మను, అకర్మయందు కర్మను చూడగలవాడు బుద్ధిమంతుడని గీత నాలుగవ అధ్యాయము బోధించుచున్నది. ప్రసూతిశాలలో ఈ వాక్యార్థము ప్రతిదినము పరీక్షకు వచ్చును. పనిచేయని మాత్రను చేతిలో పెట్టి, వైద్యము జరిగినదని తృప్తిపడుట కర్మ వేషము ధరించిన అకర్మ. మందు లేదని ఒప్పుకొని, పోటును కొలుచుచు, బొడ్డుతాడు ప్రవాహమును దినదినము చూచుచు, ఏ గడియన శిశువును వెలుపలికి తీయవలెనో ఆ గడియను జాఱవిడువక కనిపెట్టుకొనియుండుట అకర్మ వేషము ధరించిన కర్మ. దయకు ఈ రెండవదానియందు రుచి తక్కువ. ఏలయన అందు దాతృత్వపు సంతోషము లేదు, చేయి చాపిన గుర్తు లేదు. కాని ఎదుగని శిశువును మోయుచున్న తల్లికి నేటివఱకు నిశ్చయముగ ఇవ్వగలిగినది ఆ కనిపెట్టుకొనియుండుటయే. అంతకు మించినది ఒకనాడు దొరకవచ్చును. దొరకినది నిజమైన మందో కాదో తెలిసికొనుటకు మఱల కొందరు తల్లులను అడుగవలసియే యుండును. అప్పుడు అడుగువాడు ఆ పరీక్షలో మరణించిన 11 మంది శిశువులను మఱవక అడుగుట ఒక్కటియే అతని దయకు ప్రమాణము.